వినికిడి యంత్రాల వారంటీ మీద తిరుగుతున్న ఆ మెసేజ్ నమ్మకండి

"హియరింగ్ ఎయిడ్, వీల్‌చైర్ కొనేవాళ్లు తెలుసుకోవాల్సిన ఐదు నిజాలు" అనే మెసేజ్ ప్రతి గ్రూపులోనూ వస్తోంది. పంపేవాళ్లు మంచి మనసుతోనే పంపుతున్నారు, కానీ దాన్ని నమ్మి ఏ పెద్దాయనో పనిచేయని యంత్రాన్ని బీరువాలో పెట్టేసి ఊరుకుంటారని నా భయం.

వారంటీ కార్డు మీద షాపు ముద్ర లేకపోతే ఇక అంతేనట. బిల్లు ఉంటే కొన్నట్టు రుజువు ఉన్నట్టే. అసలు బిల్లు ఇవ్వకపోవడమే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వాణిజ్య పద్ధతి.

డబ్బు కట్టింది కొడుకు కాబట్టి యంత్రం వాడుకునే తల్లి ఫిర్యాదు చేయకూడదట. తప్పు. కొన్నవాళ్ల అనుమతితో వాడుకునేవాళ్లూ చట్టం దృష్టిలో వినియోగదారులే.

నాకు ఒళ్లు మండేది మూడోదానికి. "చెవిలో పెట్టుకున్న వస్తువు వెనక్కి తీసుకోరు, బిల్లు మీద రాసే ఉంటుంది" అట. బిల్లు మీద అచ్చు వేసుకుంటే చట్టం రద్దైపోతుందా? లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం కూడా అనుచిత పద్ధతే. లోపం సరిచేయమని, కొత్తది ఇవ్వమని, డబ్బు తిరిగిమ్మని, పరిహారం కట్టమని ఆదేశించే అధికారం వినియోగదారుల ఫిర్యాదులు విచారించే కమిషన్‌కు ఉంది. చెవిలో పెట్టుకోకుండా యంత్రం సరిగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? వాడితేనే బయటపడే లోపానికి, వాడారు కాబట్టి హక్కు లేదంటే అది పచ్చి మోసం. పైగా మధ్యమధ్యలో శబ్దం ఆగిపోతోందని చెప్పినా "అలవాటు పడాలండీ, కొన్ని వారాలు పడుతుంది" అంటారు. కొత్త శబ్దాలకు అలవాటు పడటానికి టైమ్ పట్టే మాట నిజమే, కానీ ఆగిపోయే యంత్రానికి ఎవరూ అలవాటు పడలేరు, ఈలోగా గడువు కాస్తా గడిచిపోతుంది. అందుకే మొదటి రోజు ఫిర్యాదు నుంచే వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో యంత్రం సీరియల్ నంబరుతో సహా రాసి పంపండి, సర్వీసుకు ఇచ్చిన ప్రతిసారీ తేదీ ఉన్న రసీదు అడిగి తీసుకోండి.

కేసుకు లాయరు ఫీజు, కోర్టు ఫీజు లక్షలవుతాయట. వస్తువుకు కట్టిన ధర 5 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లో ఫీజే లేదు. లాయరు తప్పనిసరి కాదు. హైదరాబాదులో కొన్నా శ్రీకాకుళంలో ఉంటే అక్కడే వేయొచ్చు, సమస్య తలెత్తిన 2 ఏళ్లలోపు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చూడండి.

ఐదోది, "ఏళ్లు పడుతుంది" అన్నది. ఇది మాత్రం ఒప్పుకుంటాను. మామూలు ఫిర్యాదును 3 నెలల్లో, ల్యాబ్ పరీక్ష అవసరమైతే 5 నెలల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టంలో ఉన్నా వాయిదాలు పడుతూనే ఉంటాయి. అన్నాళ్లూ ఇంట్లోవాళ్ల మాట వినపడకుండా బతకాలి, ఏ పరిహారమూ దాన్ని పూడ్చలేదు. కాబట్టి రిపేరుకు ఇచ్చినప్పుడు బదులు యంత్రం ఇస్తారా, ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు అనేది డబ్బు కట్టేముందే అడిగి, బిల్లు మీదే రాయించుకోండి.