షోరూమ్ మీద కోపం ఇంజిన్ మీదా?

"కారు సర్వీసింగ్ అంతా దోపిడీ" అనే మెసేజ్ ఒకటి ఫ్యామిలీ గ్రూపుల్లో, అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో చక్కర్లు కొడుతోంది. అందులో చెప్పేది క్లుప్తంగా ఇది: తక్కువ తిరిగే కారుకి ఏటా సర్వీసు అక్కర్లేదు. ఇంజిన్ ఆయిల్ నల్లబడితేనే మార్చాలి. బ్రేక్ ఆయిల్, కూలెంట్ కారు ఉన్నంత కాలం ఉంటాయి, కూలెంట్ తగ్గితే నీళ్లు పోస్తే చాలు. ఎయిర్ ఫిల్టర్‌ని కడుక్కోవచ్చు. టైమింగ్ బెల్ట్‌ని (ఇంజిన్‌లో పిస్టన్లు, వాల్వులు ఒకే లయలో కదిలేలా చూసే పట్టీ) చప్పుడు చేసేదాకా ముట్టుకోవద్దు. గ్రిప్పు ఉన్నంతవరకు టైరు వయసుతో పనిలేదు. బయట సర్వీసు చేయిస్తే వారంటీ పోతుందనేది ఉత్త బెదిరింపు. చివర్లో ఎప్పటిలాగే, అందరికీ పంపమనే విన్నపం.

ఇది ఇంతలా ఎందుకు షేర్ అవుతోందో ఊహించడం కష్టం కాదు. మామూలు సర్వీసుకని పొద్దున బండి ఇస్తే, సాయంత్రానికి ఎస్టిమేట్‌ని ఎక్కడో దాటేసిన బిల్లు చేతికి రావడం చాలామందికి అనుభవమే. ఆ మంటలో ఉన్నప్పుడు "అసలు సర్వీసే అక్కర్లేదు" అనే మాట చెవికి ఇంపుగా ఉంటుంది. కానీ ఈ మెసేజ్ రాసినాయన బిల్లులో నిజంగా పనికిరాని పనుల జోలికి పోకుండా, సరిగ్గా చేయించాల్సిన వాటినే ఏరి ఏరి వద్దన్నాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. ఒక్కో మాటా చూద్దాం.

"10,000 కిలోమీటర్లు తిరగని కారుకి సర్వీసు ఎందుకు? ఏడాది గడువు షోరూమ్‌వాళ్లు పెట్టుకున్నది."

గడువు పెట్టింది షోరూమ్ కాదు, కారు తయారుచేసిన కంపెనీ. మన దగ్గర అమ్మే చాలా పెట్రోలు కార్ల మాన్యువల్‌లో 10,000 కిలోమీటర్లు లేదా 12 నెలలు, ఏది ముందైతే అది అని ఉంటుంది. ఆ నెలల లెక్క ఊరికే పెట్టలేదు.

ఇంటి నుంచి రెండు కిలోమీటర్ల దూరంలోని స్కూలుకి, అక్కడి నుంచి కూరగాయల మార్కెట్‌కి, మళ్లీ ఇంటికి తిరిగే కారుని తీసుకోండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయినప్పుడు మామూలుకన్నా ఎక్కువ పెట్రోలు తీసుకుంటుంది. మండగా మిగిలిన పెట్రోలు కొంత పిస్టన్ రింగుల పక్క నుంచి జారి ఆయిల్‌లోకి దిగుతుంది. పెట్రోలు మండినప్పుడు నీటి ఆవిరి కూడా పుడుతుంది; ఇంజిన్ చల్లగా ఉంటే అది లోపలే నీరై ఆయిల్‌లో కలుస్తుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే కారులో అయితే ఆయిల్ బాగా వేడెక్కి ఈ నీరు, పెట్రోలు చాలావరకు ఆవిరై బయటికి పోతాయి. స్కూలు దాకా వెళ్లొచ్చే కారులో ఆయిల్‌కి ఆ వేడి అందదు. డ్యాష్‌బోర్డులో ఉష్ణోగ్రత ముల్లు మధ్యకి వచ్చేసింది కదా అంటారేమో, అది చూపించేది కూలెంట్ వేడి. ఆయిల్ వేడెక్కడానికి అంతకన్నా ఎక్కువ సమయం పడుతుంది.

అనుమానం ఉంటే, బాగా తక్కువ తిరిగే కారులో ఆయిల్ పోసే మూత తిప్పి లోపలివైపు చూడండి. ముఖ్యంగా వానాకాలంలో, చలికాలంలో లేత కాఫీ రంగులో చిక్కటి నురగ అంటుకుని కనిపించవచ్చు. ఆయిల్, తేమ కలిస్తే వచ్చేది అదే. మూతకి కాస్త ఉంటే కంగారు అక్కర్లేదు. ఆయిల్ మట్టం చూసే కడ్డీకి, అంటే డిప్‌స్టిక్‌కి కూడా అదే అంటుకుని, కూలెంట్ కూడా తగ్గుతుంటే మాత్రం అది హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగానికీ కిందిభాగానికీ మధ్య ఉండే సీలు) సమస్య కావచ్చు; బండి తీయకుండా మెకానిక్‌ని పిలవడం మంచిది.

మెసేజ్ రాసినాయన మాన్యువల్‌లో ఇంకో పేజీ తిప్పి ఉంటే బాగుండేది. కఠిన పరిస్థితుల్లో వాడే బండ్లకి విడిగా ఒక పట్టిక ఉంటుంది. దుమ్ము రోడ్లు, ఆగుతూ సాగే ట్రాఫిక్, గంటల తరబడి ఇంజిన్ ఆన్‌లో ఉంచడంతోపాటు తక్కువ దూరాల ప్రయాణాలు కూడా అందులో ఉంటాయి. అలాంటి బండికి ఆయిల్ ఇంకా ముందే మార్చమంటుంది ఆ పట్టిక. ఆదివారం తప్ప గడప దాటని కారు "కష్టపడని కారు" అని మనం అనుకుంటాం. కంపెనీ లెక్కలో అది కష్టపడే కారే.

"ఆయిల్ నల్లబడితేనే మార్చాలి."

డీజిల్ బండికి కొత్త ఆయిల్ పోసి కొద్ది రోజులు తిప్పి చూడండి, నల్లగానే ఉంటుంది. అంటే ఆయిల్ తన పని తాను చేస్తోందని అర్థం. ఇంజిన్‌లో పుట్టే మసిని గోడలకి పట్టనివ్వకుండా తనలో తేలుతూ ఉంచే రసాయనాలు ఆయిల్‌లో కలుపుతారు. పెట్రోలు బండిలో దీనికి రివర్స్‌లో జరగవచ్చు. ఆయిల్ ఇంకా తేనె రంగులోనే ఉంటుంది, కానీ ఆక్సీకరణని, అరుగుదలని ఆపే రసాయనాలు అయిపోయి ఉంటాయి. రంగు చూసి ఆయిల్ ఆయుష్షు చెప్పడం కుదరదు.

డీజిల్‌వాళ్లకి ఇంకో సంగతి. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లలో పొగ గొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టర్, డీపీఎఫ్, ఉంటుంది. అది నిండినప్పుడు ఆ మసిని కాల్చడానికి చాలా ఇంజిన్లు సిలిండర్లలోకే అదనంగా డీజిల్ చల్లుతాయి. అందులో కొంత ఆయిల్‌లోకి దిగుతుంది. సిటీ ట్రాఫిక్‌లో ఈ కాల్చే పని మధ్యలోనే ఆగిపోతుంటే డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరుగుతుంది. "ఏడాదైనా చుక్క తగ్గలేదు, పైగా పెరిగింది, మన ఇంజిన్ బంగారం" అని మురిసిపోయేవాళ్లున్నారు. పెరిగింది డీజిల్. ఆయిల్ పలచబడి బేరింగులకి రక్షణ తగ్గుతోందన్నమాట. ఈ బండ్లకి బూడిద తక్కువగా వదిలే ప్రత్యేకమైన గ్రేడ్ ఆయిలే పోయాలి, లేకపోతే డీపీఎఫ్ తొందరగా మూసుకుపోతుంది. ఏ గ్రేడ్ అన్నది మాన్యువల్‌లో ఉంటుంది.

పాత అలవాటు కొద్దీ ప్రతి బండికీ 5,000 కిలోమీటర్లకే ఆయిల్ మార్చమనే మెకానిక్ మాట కూడా వినక్కర్లేదు. కఠిన పరిస్థితుల పట్టికలోకి మీ బండి రాకపోతే అది వృథా ఖర్చే.

"బ్రేక్ ఆయిల్ సీల్ చేసిన సిస్టమ్‌లో ఉంటుంది, అది పాడవదు."

మెసేజ్ మొత్తంలో నాకు నిజంగా భయం వేసింది ఈ వాక్యం దగ్గరే. మిగతావి నమ్మితే డబ్బు పోతుంది. ఇది నమ్మితే పోయేది డబ్బు కాకపోవచ్చు.

మన కార్లలో వాడే డాట్ 3, డాట్ 4 బ్రేక్ ఆయిల్‌కి గాలిలోని తేమని పీల్చుకునే గుణం ఉంది. ఆ ఆయిల్ ఉండే డబ్బా (రిజర్వాయర్) మూత దగ్గర, రబ్బరు గొట్టాల గుండా తేమ మెల్లగా చేరుతూనే ఉంటుంది. ప్రమాణాల ప్రకారం కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి 230, 155. ఈ తేడా కాలనీ రోడ్ల మీద తెలియదు. తిరుమల కొండ దిగేటప్పుడో, అరకు నుంచి ఎస్.కోట వైపు ఘాట్‌లోనో, శ్రీశైలం నుంచి దోర్నాల వైపు దిగేటప్పుడో తెలుస్తుంది. నిండా మనుషులు, వెనక లగేజీ, దారంతా బ్రేకు మీదే కాలు. డిస్కుల వేడి వాటిని ప్యాడ్లతో పట్టే కాలిపర్‌కి, కాలిపర్ నుంచి ఆయిల్‌కి చేరుతుంది. లోపలి నీరు ఆవిరై బుడగలు కడుతుంది. ద్రవం నొక్కితే నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. పెడల్ మెత్తబడి నేల దాకా వెళ్తుంది, బండి మాత్రం ఆగదు.

ఇందులో చిక్కు ఏమిటంటే, కాసేపు ఆగి చల్లారితే బ్రేకులు మళ్లీ మామూలుగా పడతాయి. కింద మెకానిక్ చూస్తే ఏ లోపమూ దొరకదు. "డ్రైవర్‌కి కొండ రోడ్డు అలవాటు లేదు" అనేస్తారు. అందులోనూ కొంత నిజం లేకపోలేదు. సెకండ్ గేర్‌లో, అవసరమైతే ఫస్ట్‌లో ఇంజిన్ బలంతో దిగకుండా బ్రేకు మీదే ఆధారపడితే నిన్న పోయించిన ఆయిల్ కూడా కాపాడలేకపోవచ్చు. కానీ ఏళ్ల తరబడి మార్చని ఆయిల్‌తో ఆ ముప్పు చాలా ముందుగా వస్తుంది. చాలా కంపెనీలు రెండేళ్లకొకసారి మార్చమంటాయి. అందుకు ఇంజిన్ విప్పే పనేమీ లేదు, ఖర్చు కూడా మామూలు సర్వీసు బిల్లులో చిన్న భాగమే.

రిజర్వాయర్‌లో మట్టం తగ్గిందని టాప్ అప్ చేసి ఊరుకోవడం కూడా సరికాదు. బ్రేక్ ప్యాడ్లు అరిగేకొద్దీ కాలిపర్ లోపలి పిస్టన్లు ముందుకు జరుగుతాయి, ఆ మేరకు మట్టం దిగుతుంది. కాబట్టి ముందు ప్యాడ్లు చూడాలి. ప్యాడ్లు బాగానే ఉండి మట్టం తగ్గితే ఎక్కడో లీకు ఉన్నట్టే.

"మన దగ్గర మంచు పడదు, కూలెంట్ ఎందుకు? నీళ్లు చాలు."

కూలెంట్ గడ్డకట్టకుండా ఉండటానికి మాత్రమే కాదు. నీళ్లకన్నా ఎక్కువ వేడి దగ్గర మరుగుతుంది, లోపలి లోహం తుప్పు పట్టకుండా కాపాడుతుంది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఏసీ వేసుకుని తిరిగే బండికి ఈ రెండూ కావాలి. పైగా మన బోరు నీళ్ల సంగతి తెలిసిందే. బకెట్లో పెట్టే వాటర్ హీటర్ కాయిల్ మీద తెల్లటి పెచ్చు కట్టేది ఏదో, అదే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ కడుతుంది. వేడి బయటికి పోక ఇంజిన్ ఓవర్‌హీట్ అయితే అల్యూమినియం సిలిండర్ హెడ్ వంగిపోతుంది. ఆ రిపేరు ఖర్చుతో ఎన్నేళ్ల కూలెంట్ వస్తుందో మీ మెకానిక్‌నే అడగండి.

మెసేజ్‌లో సగం నిజం ఒకటుంది. ఇప్పటి కూలెంట్లు కొన్ని చాలా ఏళ్లు నిలుస్తాయి, ప్రతి సర్వీసుకీ మార్చక్కర్లేదు. మీ బండికి ఎన్నేళ్లో మాన్యువల్ చెబుతుంది. రంగు చూసి ఏదో ఒకటి కలపకండి, రంగులకి అన్ని కంపెనీలకీ ఒకే పద్ధతి లేదు. దారి మధ్యలో ఆపదొస్తే ఇంజిన్ బాగా చల్లారాక తాగే నీళ్లు పోసి గ్యారేజీ దాకా వెళ్లడంలో తప్పులేదు. వేడి మీద మాత్రం ఆ మూత ముట్టుకోకండి.

ఎయిర్ ఫిల్టర్, టైమింగ్ బెల్ట్, టైర్లు

కాగితం ఫిల్టర్‌ని కడిగితే దాని పని అయిపోయినట్టే. మధ్యలో ఒకసారి తట్టి దుమ్ము దులపడం వరకు సరే. ఏసీ ఫిల్టర్ అయితే చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది, మీరే మార్చుకోవచ్చు. దానికి లేబర్ చార్జి కట్టడం నా దృష్టిలో దండగ.

కొన్ని ఇంజిన్లలో టైమింగ్ బెల్ట్ బదులు చైన్ ఉంటుంది, అది వదులైతే చప్పుడు చేస్తుంది. బెల్ట్ రబ్బరుది, చాలాసార్లు ఏ సంకేతమూ ఇవ్వకుండానే తెగుతుంది. తెగితే చాలా ఇంజిన్లలో పిస్టన్లు వెళ్లి వాల్వులని కొడతాయి, అప్పుడు హెడ్ విప్పాల్సిందే. పాత మారుతి 800లో బెల్ట్, తర్వాత వచ్చిన మారుతి కె-సిరీస్ ఇంజిన్లలో చైన్. మీ బండిలో ఏదో ముందు తెలుసుకోండి. బెల్ట్ ఉన్న సెకండ్ హ్యాండ్ కారు కొంటే, ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే లెక్క.

టైరు పక్కన DOT అనే ఇంగ్లీషు అక్షరాల తర్వాత చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. గ్రిప్పు లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలన్నది నిబంధన, కానీ ఎండలో ఏళ్లు నిలిచిన రబ్బరు గ్రిప్పు ఉండగానే గట్టిపడి పగుళ్లిస్తుంది. అయిదేళ్లు దాటాక ఏటా చూపించాలి, పదేళ్లు దాటితే ఎంత బాగున్నా తీసేయాలి. ఇది స్టెప్నీకి కూడా వర్తిస్తుంది.

"బయట చేయిస్తే వారంటీ పోతుందనేది బెదిరింపు."

ఇది చాలావరకు నిజమే. 2014 ఆగస్టులో, మార్కెట్‌లో పోటీ సక్రమంగా సాగేలా చూసే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా, విడిభాగాలనూ సర్వీసునూ తమ గుప్పిట్లో పెట్టుకున్నాయంటూ 14 కార్ల కంపెనీలకి దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. బయట మెకానిక్ దగ్గర చేయించినంత మాత్రాన వారంటీ రద్దు అనే గంపగుత్త షరతు పెట్టకూడదని కూడా చెప్పింది. ఆ తర్వాత కంపెనీలు అప్పీళ్లకి వెళ్లాయి.

కానీ బయట చేయించడం వేరు, అసలు చేయించకపోవడం వేరు. రేపు ఇంజిన్ సీజ్ అయి క్లెయిమ్‌కి వెళ్తే కంపెనీ మొదట అడిగేది సర్వీసు రికార్డు. సమయానికి ఆయిల్ మార్చారా, ఏ గ్రేడ్ పోశారు అని. ఆ రికార్డు లేకుండా చేసే సలహాలన్నీ ఇచ్చి, వారంటీకి ఢోకా లేదని అదే మెసేజ్‌లో భరోసా ఇవ్వడం విచిత్రం. బయట చేయిస్తే తేదీ, కిలోమీటర్లు, ఆయిల్ గ్రేడ్, పార్టు నంబర్లు ఉన్న బిల్లు అడిగి తీసుకోండి. డబ్బు కట్టి కొనుక్కున్న ఎక్స్‌టెండెడ్ వారంటీ అయితే దాని షరతులు విడిగా చదువుకోవాలి.

మెసేజ్‌లో లేని దోపిడీ

ఇంజిన్ ఫ్లషింగ్, అంటే రసాయనంతో ఇంజిన్ లోపల కడగడం. కొద్ది వేల కిలోమీటర్లే తిరిగిన పెట్రోలు కారుకి డీకార్బనైజింగ్, అంటే లోపల పేరుకున్న మసి తీయడం. వాసన కూడా లేని ఏసీకి డిస్‌ఇన్‌ఫెక్షన్. టైర్లలో నైట్రోజన్, మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉన్నా. బిల్లు ఉబ్బేది ఇలాంటి వాటితో, మెసేజ్‌లో వీటి గురించి ఒక్క ముక్క లేదు. వీటిలో చాలావాటికి సర్వీసు షెడ్యూల్‌లో చోటు ఉండదు. సర్వీస్ అడ్వైజర్ ఇలాంటి పని పేరు ఎత్తగానే గ్లవ్ బాక్స్‌లోంచి పుస్తకం తీసి "ఇది ఏ పేజీలో ఉందండీ?" అని అడగండి. ఉంటే చేయించండి. లేకపోతే, బండిలో ఏ లోపం చూసి చెబుతున్నారో చూపించమనండి. జాబ్ కార్డు మీద సంతకం పెట్టేముందు "ఫోన్ చేసి అడగకుండా అదనపు పని ఏదీ చేయవద్దు" అని మీ చేత్తోనే రాసి, దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి.