మాట వచ్చింది, బొమ్మ రాలేదు

చిత్తూరులో సెమీ క్రిస్మస్‌కు చర్చి కాంపౌండులో సినిమా వేద్దామని కమిటీ కూర్చుంటే, మొదటి గంట శనక్కాయలు ఉడకబెట్టాలా వేయించాలా అన్నదానికే పోతుంది. రెండో గంట షామియానాకు. హక్కుల మాట మాత్రం టీ గ్లాసులు ఎత్తేటప్పుడు ఎవరో ఒకరు ఎత్తుతారు.

"టిక్కెట్టు పెట్టడం లేదు కదన్నా, హక్కులేంది? ఇంట్లో చూసేదే, ఇంకొంచెం పెద్దగా చూస్తాండాం" అంటాడు యూత్ సెక్రటరీ.

ఆ ఇంకొంచెంలోనే ఉంది తిరకాసు. రెండొందల మందిని కూర్చోబెడితే, పైసా తీసుకోకపోయినా అది బహిరంగ ప్రదర్శనే. ఓటీటీ చందా ఇంటి వాడకానికే. కొన్న డీవీడీ కూడా అంతే. మతపరమైన వేడుకలో పాట పాడినా నాటకం వేసినా 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షను మినహాయింపు ఇచ్చింది గానీ, ఆ వరుసలో సినిమా లేదు. పాతదైతే? విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్క. 1978 నాటి 'కరుణామయుడు'కైనా 2038 ఆఖరుదాకా ఎవరో ఒకరు హక్కుదారు ఉంటారు.

ఆ ఎవరో ఒకరిని పట్టుకోవడమే పెద్ద పని. సినిమా మొదట్లో సెన్సారు సర్టిఫికెట్ పడుతుంది, ఎవరూ చదవరు. అక్కడ ఆపి నిర్మాత పేరు రాసుకోవాలి. ఆయన అమ్మేసుంటే కొన్నవాళ్లను అడగాలి. థియేటర్ హక్కు ఒకరిది, టీవీ హక్కు ఇంకొకరిది. మనకు కావాల్సింది నాన్ థియేట్రికల్ హక్కు, అంటే థియేటర్ బయట జనానికి చూపించుకునే హక్కు. అనుమతి అడిగే లెటర్లో సినిమా పేరు, తేదీ, స్థలం, జనం ఎంతమంది, కానుక పడతారా లేదా, అన్నీ రాయాలి. కానుక సంగతి దాచిపెట్టే కమిటీలే ఎక్కువ. మైకుకు పోలీసు పర్మిషన్ వేరే. 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం కింద స్థలానికి లైసెన్సు కావాలేమో కలెక్టరేటులో ముందే అడిగి, జవాబు కాగితం మీద తీసుకోవాలి.

ఇంత చేసి అనుమతి తెచ్చిన కమిటీ కూడా ఒకటి మర్చిపోతుంది. సినిమా కాపీ! కాగితం వచ్చింది, ఫైలు రాలేదు.

"పర్మిషన్ ఉండాది కదా, ఫోన్లో పెట్టేస్తా" అంటాడు సెక్రటరీ.

డిసెంబరులో ఆరుకు ముందే పొద్దు గుంకుతుంది. ఆరున్నరకు మొదలుపెడితే రెండున్నర గంటల సినిమా తొమ్మిదికి అయిపోతుంది; పది దాటితే మైకు మోగకూడదు. పన్నెండడుగుల తెర, పద్దెనిమిది అడుగుల దూరంలో ప్రొజెక్టరు, 3000 ల్యూమెన్ల వెలుగు, అన్నీ సరిగ్గానే ఉంటాయి. తెరను గుంజలకు కట్టడానికి సైకిల్ ట్యూబు ముక్కలు కూడా తెచ్చుంటారు. తాడుతో బిగిస్తే గాలికి గుడ్డ చిరుగుతుంది, ట్యూబైతే సాగి మళ్లీ వెనక్కొస్తుంది.

ప్లే నొక్కగానే స్పీకర్లో సంగీతం మోగుతుంది. తెర మీద చీకటి.

"అబ్బయా, బొమ్మ యాడ?"

"వస్తాది తాతా."

రాదు. ఓటీటీ యాపుల్లో కాపీ కొట్టకుండా రక్షణ ఉంటుంది. మధ్యలో ఉన్న కేబులో అడాప్టరో దానికి సరిపడకపోతే మాట వదిలి బొమ్మను ఆపేస్తుంది. ఈ సంగతి ముందురోజు రాత్రి అదే ప్రొజెక్టరు, అదే వైరుతో ఐదు నిమిషాలు చూసుంటే తెలిసిపోయేది. ముందురోజు రాత్రి అందరూ శనక్కాయల దగ్గరున్నారు.

సెక్రటరీ కేబుల్ పీకుతాడు. తెర నిండా నీలం రంగు, మూల 'నో సిగ్నల్'. అంతే, ముందు వరసలో పిల్లోడొకడు చెయ్యెత్తి వేళ్లు మడిచాడు. నీలం మీద కుక్క. పక్కవాడిది కుందేలు. కుక్క కుందేలును తరిమింది, రెండొందల మందీ ఈలలు. పాస్టర్ గారు కూడా కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

పావుగంట తర్వాత ట్రెజరర్, కుక్క నీడ వేసిన పిల్లోణ్ని పక్కకు పిలిచాడు.

"రేపు కూడా వస్తావా? నీకు లెటర్ పెట్టాల్నా?"