ఆమె ఇష్టమట!

ఓరుగల్లుకు ఆమడ దూరంలో ఒక ఊరు. పేరు రాయడం లేదు. రాస్తే ఆమె ఎవరో తెలిసిపోతుంది. పత్తి ఏరడానికి కూలికి పోయిన ఆమెను చేనులోనే చెయ్యి పట్టి లాగిన వాడి మీద ఫిర్యాదు ఇచ్చి ఆరు రోజులైంది. ఎఫ్ఐఆర్ లేదు. ఆదివారం పొద్దున స్టేషన్ ఆవరణలో వేపచెట్టు కింద కుర్చీలు పడ్డాయి. నలుగురు కులపెద్దలు, మాజీ సర్పంచ్ భర్త, నిందితుడి మేనమామ కూర్చున్నారు. ఆమె ఒక్కతే నిలబడింది. వంద రూపాయల బాండ్ పేపరు ముందే రాసి తెచ్చారు, అంకె వేయాల్సిన చోటు మాత్రం ఖాళీగా వదిలారు. ‘‘ఏమంటవు బిడ్డా? కేసంటే కేసు, రాజీ అంటే రాజీ. అంతా నీ ఇష్టం’’ అన్నాడు ఒక పెద్దమనిషి. పక్కనే ఉన్న భర్త తల ఎత్తలేదు. అతను కౌలుకు చేస్తున్న రెండెకరాలూ ఆ మేనమామవే.

దీన్ని ఇష్టం అంటారా?

భారతీయ న్యాయసంహిత 74వ సెక్షన్ కింద ఈ నేరానికి ఏడాది నుంచి ఐదేళ్ల దాకా జైలు. రాజీకి వీలున్న నేరాల జాబితాలో ఇది లేదు. కేసు నడిపేది ప్రభుత్వం, ఆమె సాక్షి. మేజిస్ట్రేట్ కూడా రాజీ కుదర్చలేని కేసును వేపచెట్టు కింద కుదర్చడానికి వీళ్లెవరు? ఇలాంటి ఫిర్యాదు అందినా కేసు నమోదు చేయని అధికారికే ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు అని అదే సంహిత 199వ సెక్షన్ చెబుతోంది. కేసు పెడతావా అని ఆమెను అడగనే అక్కర్లేదు. స్టేషన్ మెట్లెక్కిన రోజే ఆమె జవాబు చెప్పింది.

కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి తిరగలేదు కదా, రేపు ఆ ఊళ్లోనే బతకాలి కదా అనే వాళ్లున్నారు. నిజమే. కానీ ఆ బతుకును భారం చేసేది కోర్టు కాదు, ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్లే.

2008 డిసెంబరులో యాసిడ్ దాడి నిందితులు ఎన్‌కౌంటర్‌లో చనిపోతే పోలీసులకు జేజేలు పలికిన నగరం ఇది. 2019లో హన్మకొండలో తొమ్మిది నెలల పసిపాప హత్యాచారం కేసులో రెండు నెలల్లోపే తీర్పు వచ్చింది. అదే ఏడాది నవంబరులో ఆసిఫాబాద్ జిల్లాలో బలైన, పోలీసులు ‘సమత’ అని పేరు పెట్టిన మహిళ కేసులో 2020 జనవరి 30న ఆదిలాబాద్ కోర్టు ఉరిశిక్ష వేసింది. కొవ్వొత్తులు పట్టినవాళ్లలో మేమూ ఉన్నాం. చెప్పడానికి నోరు రావడం లేదు గానీ, ఆ పసిపాపను గానీ, సమతను గానీ ‘నీ ఇష్టం బిడ్డా’ అని అడిగే వీలు ఎవరికీ లేకపోయింది. ప్రాణాలతో మిగిలి స్టేషన్‌కు వచ్చిన ఆడదాన్నే అడుగుతారు. చనిపోతే ఉరి తీయాలంటారు, బతికితే ‘ఎంతకు తెంపుకుందాం’ అంటారు.

ఆ ఖాళీ చోట ఏ అంకె పడినా అది ఆమె ఒక్కదానితో ఆగదు. ఊళ్లో అదే ధర అవుతుంది. వచ్చే ఏడు పత్తికి పోయే ఇంకో ఆడకూలీకి ఆ అంకె దగ్గరే బేరం మొదలవుతుంది. నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ వైపు గ్రామాభివృద్ధి కమిటీలు జుర్మానాలు, బహిష్కరణలతో ఊళ్లను ఏలుతుంటే చూసీ చూడనట్టు ఊరుకున్న ఫలితమే ఇది. అక్కడ గుడి అరుగు మీద జరిగే పంచాయితీ ఇక్కడ ఏకంగా పోలీసు ఆవరణలోకే వచ్చింది.

ఆమె ఇష్టమే కావాలంటే ముందు ఎఫ్ఐఆర్ చేసి ఉచితంగా నకలు చేతికివ్వండి. మేజిస్ట్రేట్ ముందు, వీలైతే మహిళా మేజిస్ట్రేట్ ముందు, వాంగ్మూలం ఇప్పించండి. బాధిత మహిళలకు అండగా పోలీసు శాఖే నడిపే భరోసా కేంద్రానికి తీసుకెళ్లండి. 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం కింద ఆమెకూ ఆమె భర్తకూ కాపలా పెట్టండి. కౌలు భూమి లాగేసుకుంటామన్న బెదిరింపు కూడా నమోదు చేయండి. ఇవన్నీ అయ్యాక రేపు బోనెక్కి ‘నాకొద్దు సార్’ అన్నా మేం ఆమెను ఒక్క మాట అనం. అనే హక్కు ఎవరికీ లేదు. ఇవేవీ చేయకుండా ‘ఆమెకే ఇష్టం లేదు’ అని ఫైలు మూస్తే, రాసింది ఆమె ఇష్టం కాదు, మేనమామ ఇష్టం.

ఎస్సై గారూ, ఆ బాండ్ పేపరు ఎవరి జేబులో ఉందో మీకు తెలుసు. ఇలాంటి నేరాన్ని కప్పిపుచ్చడానికి డబ్బు ఇవ్వడమూ తీసుకోవడమూ నేరమేనని మేం మీకు చెప్పాలా? వెళ్లి ఆ కాగితం స్వాధీనం చేసుకోండి. మీ ఆవరణలో, మీ కుర్చీల్లో కూర్చున్నవాళ్లు తెచ్చిన సాక్ష్యం అది.