వల పడిన చోటే చుక్క: అంటార్కిటికా అడుగున ఐసోపాడ్ల లెక్క

తడి రాళ్ల కింద, పూలకుండీల అడుగున తిరిగే బూడిదరంగు పురుగులకు సముద్రపు చుట్టాలైన ఐసోపాడ్లు దక్షిణ మహాసముద్రపు అడుగున లెక్కకు మించి ఉన్నాయి. చాలావాటి పొడవు కొద్ది మిల్లీమీటర్లే. జర్మన్ పరిశోధన నౌక పోలార్‌స్టెర్న్ మీద 2002, 2005 సంవత్సరాల్లో సాగిన, లోతు సముద్రపు జీవుల్ని వెతికిన ఆండీప్ యాత్రలు అంటార్కిటికా తీరాన ఉన్న వెడెల్ సముద్రంలోనూ పరిసరాల్లోనూ 748 నుంచి 6,348 మీటర్ల లోతు వరకు నమూనాలు తీశాయి. జంతుశాస్త్రవేత్త ఏంజెలికా బ్రాంట్ బృందం 2007లో ప్రకటించిన ప్రకారం దొరికిన ఐసోపాడ్ జాతులు 674, వాటిలో 585 శాస్త్రానికి కొత్తవి. వీటిలో చాలావరకు ఆ సముద్రానికే పరిమితమన్న అభిప్రాయం ఈ అంకెలతో బలపడింది. అయితే ఒక జాతి మరెక్కడా దొరకకపోయినంత మాత్రాన మరెక్కడా లేదనుకోవడం తొందరపాటు.

నమూనా తీసే తీరు చూస్తే కారణం తెలుస్తుంది. అర మిల్లీమీటరు కన్నుల వల బిగించిన స్లెడ్జ్ అనే ఇనుప ఈడ్పు బండిని వేల మీటర్ల లోతుకు దింపి, కాసేపు అడుగున ఈడ్చి, పైకి లాగేసరికి గంటలు గడిచిపోతాయి. వచ్చిన బురదను జల్లెడ పట్టి, డీఎన్ఏ చెడకుండా ముందే చల్లబరచిన ఆల్కహాల్‌లో వేయాలి. అంత శ్రమకు అంత పెద్ద సముద్రంలో చేరుకోగలిగినవి కొన్ని పదుల చోట్లే. ఎన్నో జాతులు ఒకే చోట, ఒకటి రెండు జీవులుగా దొరికాయి.

ఈ జాతులు నిజంగానే ఆ సముద్రానికే పరిమితం కావడానికీ ఆస్కారం లేకపోలేదు. తల్లి ఐసోపాడ్ పిల్లలను పొట్ట కింది సంచిలోనే మోస్తుంది. ప్రవాహంలో కొట్టుకుపోయే లార్వా దశ లేదు కాబట్టి దూరాలు దాటడం కష్టం. మరోవైపు, విస్తారంగా ఉందనుకున్న బీటామార్ఫా ఫ్యూసిఫార్మిస్ అనే ఐసోపాడ్‌ను డీఎన్ఏతో పరీక్షిస్తే, ఒకేలా కనిపించే వేర్వేరు జాతులు అందులో కలిసి ఉన్నట్టు తేలింది. అంటే ఏ జాతి ఎక్కడుందో చూపే పటం రెండు వైపులా తప్పవచ్చు.

లోతు విషయంలో అంటార్కిటికాది ప్రత్యేక స్థితి. మంచు బరువుకు అక్కడి ఖండపు తీరపు అరుగు చాలాచోట్ల సుమారు 500 మీటర్ల లోతుకు కుంగింది. పైనుంచి కిందికి నీటి చల్లదనంలో పెద్ద తేడా ఉండదు. అందుకే ఐసోపాడ్లలో కళ్లున్న సెరోలిడ్ల కుటుంబం లోతుకు దిగగా, కళ్లులేని మున్నాప్సిడ్ల కుటుంబం అరుగు మీదికి ఎక్కింది. దీనికి భిన్నంగా, ఉత్తరాన సముద్రపు అడుగునున్న గ్రీన్‌లాండ్–ఐస్‌లాండ్–స్కాట్లాండ్ గట్టు సున్నా డిగ్రీల కంటే చల్లని నార్వేజియన్ సముద్రపు లోతు నీటిని అట్లాంటిక్ నుంచి వేరు చేస్తూ అడ్డుగోడలా నిలుస్తుంది.

ఈ చర్చ ప్రయోగశాలకే పరిమితం కాదు. వెడెల్ సముద్ర రక్షిత ప్రాంత ప్రతిపాదనకు భారత్ 2021లో మద్దతు ప్రకటించింది; నిర్ణయం మాత్రం అంటార్కిటిక్ సముద్ర జీవవనరుల సంరక్షణ కమిషన్ సభ్యదేశాల ఏకాభిప్రాయం మీదే ఆధారపడి ఉంది. అక్కడ చర్చకు పెట్టే పటాల్లో జాతుల చుక్కలతో పాటు స్లెడ్జ్ ఈడ్చిన చోట్లను కూడా ముద్రించాలి. లేకపోతే ఎవరూ వెతకని ఖాళీ జాగా జీవం లేని జాగాగా లెక్కలోకి వెళ్లిపోతుంది.