దిగమంటే సరా, స్టాపు చెప్పద్దూ?

మొండివాడు రాజు కన్నా బలవంతుడని సామెత. రాజే మొండివాడైతే సంగతేమిటో సామెత చెప్పదు. ఆ లోటు తీర్చడానికి సిరియా మాజీ అధ్యక్షుడు బషర్ అల్ అసద్ గారు పదమూడేళ్లకు పైగా శ్రమించారు. ఆయన్ని మనం కాస్త సానుభూతితో అర్థం చేసుకోవాలని నా మనవి.

2011 ఆగస్టు 18న అమెరికా అధ్యక్షుడు ఒబామా, బ్రిటన్ ప్రధాని కామెరాన్, ఫ్రాన్స్ అధ్యక్షుడు సర్కోజీ, జర్మనీ ఛాన్సలర్ మెర్కెల్ ఒకేరోజు కూడబలుక్కుని ఆయన్ని దిగిపొమ్మన్నారు. బాగానే ఉంది. దిగి ఎక్కడికి పోవాలో? బస్సు కండక్టరైనా స్టాపు పేరు అరిచి మరీ దింపుతాడు.

ఆయన ఇంట్లోనూ టీవీ ఉంటుంది కదా. ఆ జనవరిలో ట్యునీషియా అధ్యక్షుడు బెన్ అలీ సౌదీలోని జెడ్డాకి పారిపోయాడు. ఫిబ్రవరిలో ఈజిప్టు అధ్యక్షుడు ముబారక్ దిగిపోయాడు. దిగినందుకు ఆగస్టు 3న మంచం మీద పడుకోబెట్టి కోర్టు బోనులోకి తోశారు. నలుగురు పెద్దల సలహా వచ్చింది సరిగ్గా పదిహేను రోజులకి! ఇక లిబియా నేత కడాఫీ మరీ బుద్ధిమంతుడు. 2003లో పెద్దదేశాలు చెప్పిన మాట విని అణ్వాయుధాల ప్రయత్నాలు మానుకున్నాడు. మరుసటి ఏడు అప్పటి బ్రిటన్ ప్రధాని బ్లెయిర్ స్వయంగా ఆయన డేరాకి వెళ్లి చెయ్యి కలిపి వచ్చారు. 2011 మార్చిలో ఆ పెద్దదేశాల బాంబులే పడ్డాయి, అక్టోబరులో సొంతూరు సిర్తేలో ఒక తూములో తిరుగుబాటుదారులకి దొరికి చచ్చాడు. దిగాక తీరిగ్గా ఆత్మకథ రాసుకునే దేశాల వాళ్లకి ఈ టెన్షన్ ఎలా తెలుస్తుంది? (సర్కోజీకి కొంత తెలిసింది. ఎన్నికలకి కడాఫీ డబ్బు కోసం ప్రయత్నించారన్న కేసులోనే శిక్ష పడి, అప్పీలు చేసుకుని, 2025లో కొన్నాళ్లు జైల్లో ఉన్నారు.)

అసలు దిగిపొమ్మని ముందు అడిగింది ఒబామా కాదు. ఆ ఏడాది మొదట్లోనే సిరియాలోని దరా ఊళ్లో బడిపిల్లలు ‘ఇక నీ వంతే డాక్టరూ’ అని గోడ మీద రాశారు. లండన్‌లో కంటివైద్యం నేర్చుకున్న మనిషి కదా, చిన్నక్షరాలు కూడా కనిపించాయి. పిల్లల్ని పట్టుకెళ్లారు. ఊరు కదిలింది, దేశం కదిలింది. సొంత జనానికి ఏం జవాబు చెప్పాలో తోచక ఆయన సతమతమవుతుంటే, పాపం పెద్దదేశాలు ఆదుకున్నాయి. వాళ్లూ దిగిపొమ్మన్నారు కాబట్టి, ఇక ఆ మాటన్న ప్రతివాడూ విదేశీ ఏజెంటే. ఇంతకన్నా పెద్ద సాయం మిత్రులు కూడా చేయరు.

మిత్రులూ చేశారనుకోండి. పరాయి దేశాల జోక్యం సహించేది లేదని ఆయన గర్జిస్తున్నప్పుడు పక్కన ఇరాన్ నిలబడింది, 2015 సెప్టెంబరు నుంచి నెత్తిన రష్యా విమానాలు తిరిగాయి. వాళ్లు పరాయివాళ్లు కారు, చుట్టాలు. ఈ ఆత్మగౌరవ పోరాటంలో దేశ జనాభాలో సగానికి పైగా ఇళ్లు విడిచిపోయారు. లక్షల్లో చచ్చిపోయారు. ఆయన మాత్రం 2021లో 95 శాతం ఓట్లతో నెగ్గారు.

ఈలోగా సర్కోజీ 2012లో దిగారు, కామెరాన్ 2016లో, ఒబామా 2017లో, మెర్కెల్ 2021లో. 2024 డిసెంబరు 8న అసద్ గారు గద్దె వదిలి మాస్కోకి పారిపోయేసరికి ఆ నలుగురిలో ఒక్కరూ కుర్చీలో లేరు. వాళ్లు చెబితే దిగాడని ఇప్పుడు ఆయన్ని ఎవరూ అనలేరు.