భయపడాల్సింది షార్కులకు కాదు

స్కూబా డైవింగ్ (గాలి సిలిండర్‌తో నీటి అడుగున ఈదడం) ప్రమాదాలంటూ రాసిన ఒక వ్యాసం చదివాను, అందులో సగం షార్కులకే ఇచ్చేశారు. ఊపిరి బిగబట్టకూడదన్న ముక్క మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేశారు. నా దృష్టిలో ఇది పూర్తిగా తలకిందులు.

10 మీటర్ల లోతులో ఒత్తిడి ఉపరితలం కంటే రెట్టింపు. అక్కడ సిలిండర్ గాలి నిండుగా పీల్చి, ఊపిరి బిగబట్టి పైకొస్తే ఆ గాలి రెట్టింపు చోటు కోరుతుంది. ఊపిరితిత్తులు చిరగొచ్చు, బుడగలు రక్తంలో కలిసి మెదడు దాకా పోవచ్చు. కంగారుపడ్డ కొత్తవాళ్లు సరిగ్గా ఇదే చేస్తారు. 'లోతు తక్కువే కదా' అన్న ధీమా కూడా పనికిరాదు, గాలి వేగంగా ఉబ్బేది ఆఖరి కొద్ది మీటర్లలోనే.

నిమిషానికి 9 మీటర్లకు మించకుండా పైకి రావడం, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగడం వ్యాసంలో ఉన్నాయి, మంచిదే. వరుసగా డైవ్‌లు చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదన్నది మాత్రం వదిలేశారు. సెలవుల హడావుడిలో జనం మరిచేది దాన్నే!

ఇక చేపల సంగతి. షార్కు చాలాసార్లు మనల్ని చూసి తనే తప్పుకుంటుంది. గుడ్లు కాచే టైటాన్ ట్రిగ్గర్‌ఫిష్ అనే చేప అలా కాదు, వెంటపడి కరుస్తుంది. దాని హద్దు గూటి నుంచి పైకి గరాటులా విచ్చుకుంటుంది. అందుకే పైకి పారిపోతే ఇంకా దాని ఇలాకాలోనే ఉంటాం. ఫిన్స్ (కాళ్లకు తొడిగే ఈత రెక్కలు) దానివైపు ఉంచి పక్కకు ఈదాలి.