అమరుడి చాటున జముకుల కథకుడు

శ్రీకాకుళం సాయుధోద్యమంలో పాటలు, కథలు కట్టిన సుబ్బారావు పాణిగ్రాహి అనగానే చాలామందికి ఆయన చావే గుర్తొస్తుంది. 1969 డిసెంబర్ 22న శ్రీకాకుళం జిల్లా రంగమటియా కొండల్లో, ఉద్యమ సహచరి పంచాది నిర్మల, మరికొందరితో పాటు పోలీసు తూటాలకు చనిపోయారు. పోలీసులు ఎన్‌కౌంటర్ అన్నారు. పట్టుకుని కాల్చేశారని ఉద్యమకారులు అంటారు. అప్పటికి ఆయనకు నలభై కూడా నిండలేదు. ఆ తర్వాత అమరుడిగా దండలు పడ్డాయి గానీ, ఆయన పనితనం గురించి మాట్లాడినవాళ్లు తక్కువ.

పాణిగ్రాహిది ఒడియా కుటుంబం. పలాస దగ్గర బొడ్డపాడు గుడిలో అర్చకత్వం. రాసిందీ పాడిందీ తెలుగులో. ఎర్రజెండా పాటగాళ్లకు బుర్రకథ అప్పటికే చేతిలో ఉంది. 1940లలో కమ్యూనిస్టుల కళాసంస్థ ప్రజానాట్యమండలి దాన్ని ఊరూరా తిప్పింది. ఈయన మాత్రం ఉత్తరాంధ్ర జనం తరతరాలుగా వింటున్న జముకుల కథను ఎంచుకున్నారు. జముకు చూడ్డానికి చిన్న డోలులా ఉంటుంది. ఒకవైపు తోలు, దాని నడుమ నుంచి వచ్చే నరం. ఆ నరాన్ని లాగిపట్టి మీటితే బిగువును బట్టి స్వరం మారుతుంది. కథకుడు పాడుతుంటే పక్కవాళ్లు వంత పాడతారు. అమ్మవారి మహిమలు చెప్పే ఆ వరసలోనే భూస్వామి అప్పుల లెక్క వినిపిస్తే, జనానికి విషయం ఒక్కటే కొత్త. గుడిలో రోజూ ఆ ఊరివాళ్లనే చూసే అర్చకుడికి వాళ్ల నాడి తెలియకుండా ఉంటుందా!

'ఎరుపంటే కొందరికి భయం భయం' అన్న ఆయన పాటను సభల్లో ఇప్పటికీ పాడుతుంటారు. పాటంటే కాగితం మీద చూసి కూడా పాడుకోవచ్చు. కథకు ఎదురుగా కూర్చుని నవ్వే, ఊకొట్టే జనం ఉండాలి.

చిక్కంతా అక్కడే వచ్చింది. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర భూస్వాముల కాల్పుల్లో కోరన్న, మంగన్న అనే గిరిజనులు చనిపోయాక శ్రీకాకుళం గిరిజనోద్యమం క్రమంగా సాయుధబాట పట్టింది. అజ్ఞాతంలోకి వెళ్లిన కథకుడికి ఊరి నడుమ తీరిగ్గా కథ చెప్పే వీలెక్కడిది? ఆయన త్యాగం మీద నాకు గౌరవమే. కానీ తుపాకీ పట్టడానికి ఇంకొకరు దొరికేవారు, జముకు పట్టుకుని రాజకీయం చెప్పేవాడు దొరకడు. అలాంటి మనిషిని దళం లెక్కలో కలిపేసుకోవడం ఉద్యమం చేసిన పొరపాటే అనిపిస్తుంది. కాల్చినవాళ్ల తప్పు దీంతో తగ్గిపోదు, అది వేరే లెక్క.

ఆయన పోయిన ఏడాదిలోపే, 1970 జులై 4న విరసం (విప్లవ రచయితల సంఘం) పుట్టింది. శ్రీకాకుళం మీద కవిత్వం వెల్లువెత్తింది. జముకు మాత్రం ఆ వెల్లువలో పెద్దగా వినపడలేదు. బొడ్డపాడులో అమరుల సంస్మరణ సభలు జరుగుతుంటాయి. ఉపన్యాసాల్లోంచి ఓ గంట కోసి, స్థానిక జముకుల కళాకారులకు ఇస్తే పోయేదేముంది? ఆ కళ తెలిసినవాళ్లు ఉత్తరాంధ్రలో ఇంకా ఉన్నారు, పిలిచేవాళ్లే తక్కువ.